మధ్యలో పొరలు లేని రాయి

"ఒక్క రాయికి మూడు లైట్లేటమ్మా? ఇదేటి పెళ్లి పందిరా?"

"ఇప్పుడు వెలగట్లేదు కదండీ మామ్మగారూ."

"ఎలిగినప్పుడు ఎలిగినాయి కదేటి! నాను గుడ్డిదాన్నా?"

"ఫొటోల పని అయిపోయిందండి. బల్బులు తీసి పెట్టెలో పెట్టేశానండి."

"పెట్టెలో ఎడితే సరిపోద్దా? ఇన్నాళ్లు కాలిన కరెంటు ఎనక్కొత్తాదేటి?"

"రాదండి."

ఆ 'రాదండి'కి నాకు ఒళ్లు మండిపోయింది. తిరిగి నాలుగు మాటలు అంటే నాకూ అనడానికి వీలుండేది. ఆమె అనలేదు. ఉన్న మాట చెప్పి ఊరుకుంది.

మల్కాపురంలో మా ఇంటి మేడ మెట్ల దగ్గర, దీపాలు పెట్టే వేళ జరిగిన గొడవ ఇది. నేను కింది మెట్టు దగ్గర చీపురు పట్టుకుని ఉన్నాను. ఆమె నాలుగు మెట్ల పైన, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. మా మేడ మీది గదిలో అద్దెకుండేది. కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెప్పేది. ఉద్యోగం పక్కాది కాదు, ఏటికాయేడు వాళ్లు మళ్లీ రమ్మంటేనే వెళ్లాలి. నలభై దాటిన మనిషి. గోదావరి వైపు పుట్టుక కాబట్టి చిన్నా పెద్దా అందరినీ 'అండీ' అనేది. మా వీధిలో వాళ్లు రాళ్ల టీచరమ్మ అని పిలిచేవారు. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడానికి ముఖం చెల్లడం లేదు.

ఆ గొడవ లైట్ల గురించి కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అది కూడా డిగ్రీలో ఆ రాళ్ల చదువే చదువుతోంది.

"మామ్మా, ఇటు సూడు. మా మేడం క్లాసులో సూపించింది. ఏలితో తిప్పితే తిరుగుతాది."

ఫోనులో ఒక రాయి. వేలు ఎటు జరిపితే అటు తిరుగుతోంది. ఇంకోచోట నొక్కితే పైభాగం మాయమై లోపలిది కనిపిస్తోంది. లోపల బఠాణీ గింజంత ఎర్రటి పలుకు. ఆ పలుకు నడుమ మాత్రం ఏమీ లేదు. కత్తిపెట్టి తీసేసినట్టు ఖాళీ. కింద కొంత రాయి, పైన కొంత రాయి, మధ్యలో గాలి.

"ఇక్కడ ఖాళీ ఏటి మామ్మా? రాయి ఇలగ గాల్లో ఆగదు కదా?"

"ఎవరు సేసినారంట?" అని అడిగాను, తెలిసి తెలిసీ.

పేరు చదివింది. "పోయినేడు పోయారంట మామ్మా, జబ్బు చేసి. ఆవిడ దగ్గర సదువుకున్నోలు ఈ రాళ్ల బొమ్మలన్నీ సూసుకుంటన్నారంట. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చంట."

చేతిలోని చేట కింద పెట్టి, కాళ్లు లాగుతున్నాయని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆమె మా ఇంటికి వచ్చిన రోజున ఆటోలోంచి ఒక్క ట్రంకు పెట్టె దిగింది. తరవాత గోనె సంచులు దిగుతూనే ఉన్నాయి. ఆటో అబ్బాయి నడుము పట్టుకుని, "మామ్మా, మీ అద్దెకొచ్చినావిడ ఇల్లు కట్టుకుంటాదేటి?" అన్నాడు. సంచుల నిండా రాళ్లు. ఒక్కోదాన్ని ఒక్కో కాగితంలో చుట్టి, అమ్మమ్మల నగలు సర్దినట్టు సర్దింది. అందులో ఒక రాయి తీసి, చుట్టూ చూసి, నాలుక చివర ఆనించింది.

"ఓలమ్మా! నోట్లో ఎట్టుకుంటావేటి, ఎక్కడెక్కడి రాయో!"

"తడిస్తే రంగు తెలుస్తుందండి."

"కొళాయిలో నీళ్లు లేవేటి?"

"కొళాయి దాకా వెళ్లాలి కదండీ," అంది, నేనేదో తెలియక అడిగినట్టు.

ఆ మొదటి వారంలోనే ఆమె గురించి ఇంకో సంగతి తెలిసింది. మధ్యాహ్నం నేను విస్తరి ముందు కూర్చోబోతుంటే అద్దె గది తాళం గురించి అడగడానికి వచ్చింది. గుమ్మంలో మనిషి నిలబడితే అనే మాటే నేనూ అన్నాను, "బోంచేసి ఎల్లమ్మా" అని. ఆ మాటకి ఎదుటివాళ్లు "ఇప్పుడే తిన్నాను" అనాలి. అది మర్యాద. ఆమె "అలాగేనండి" అని చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. అప్పట్లో నేను ఒక్కదానికే వండుకునేదాన్ని, మెతుకు మిగలకుండా. ఆ రోజు పూర్తిగా ఆమెకి వడ్డించి నేను అటుకులు తడుపుకుని తిన్నాను. వెళ్తూ వెళ్తూ, "చాలా బాగుందండి, రేపు కూడా రమ్మంటారా?" అని అడిగింది. కొంటెతనం ఏమీ లేదు. నేను రమ్మంటే వచ్చేది, వద్దంటే ఏమీ అనుకునేది కాదు. ఎవరేమన్నా ఆ మాటని ఆ మాటగానే తీసుకునే మనిషి.

వద్దనే అన్నాను. ఏమీ అనుకోలేదు.

సాయంత్రం కాలేజీ నుంచి రాగానే మేడ మీద పని మొదలయ్యేది. ఒక మందపాటి గాజు పలక, దాని మీద గరుకు పొడి, చెంబుతో నీళ్లు. రాయిని ఆ గాజు మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీసేది. కొంచెం అరిగాక కడిగి, తుడిచి, ఆరబెట్టి, చెక్క అచ్చులో బిగించి, పైనుంచి ఫోనుతో ఒక ఫొటో తీసేది. నీడ పడకుండా మూడు వైపులా మూడు లైట్లు. మళ్లీ అరగదీత, మళ్లీ కడుగుడు, మళ్లీ ఫొటో. మా వైపు గాలికి వచ్చే నల్లటి దుమ్ము పడకుండా, పని ఆగినప్పుడల్లా రాయి మీద స్టీలు గిన్నె బోర్లించేది. కిందనుంచి "దీపాలేళయింది, దిగు" అని కేకేస్తే, "ఒక్క పొరండీ, ఒక్క పొర తీసి వచ్చేస్తానండి" అనేది. ఆ ఒక్క పొర ఎప్పటికీ ఒక్కటి కాదు.

మొదటి పొర తియ్యబోయే ముందు ప్రతి రాయికీ ఏదో చెప్పుకునేది. ఓసారి నేను మెట్ల మీద ఆగి విన్నాను. "క్షమించాలండి," అంటోంది. రాయిని కూడా అండీ అంటోంది! నవ్వొచ్చి, "ఎవరితో మాట్లాడతన్నావు?" అన్నాను. సిగ్గుపడింది. "పూర్తయ్యేసరికి ఇది ఉండదు కదండీ. అందుకని."

"ఉండనిదానికి ఇంత సాకిరీ ఏటి?"

అప్పుడు కింద కూర్చుని చెప్పింది. రాయి లోపల ఏముందో చూసే పెద్ద పెద్ద మిషన్లు ఉన్నాయట. అవి ఆమెకి అందేవి కావు. అందుకని రాయిని పొరపొరగా తీస్తూ ప్రతి పొరకీ ఫొటో తీసి, ఆ ఫొటోలన్నీ కంప్యూటర్‌కి ఇస్తే, ఒకదాని మీద ఒకటి పేర్చి రాయిని మళ్లీ నిలబెడుతుందట.

"అరటి దూట చక్రాలుగా కోసి, అన్నిటినీ మళ్లీ వరసగా పేర్చారనుకోండి. దూట అయిపోతుంది కదండీ? లోపలి పీచు ఎటునుంచి ఎటు వెళ్లిందో కూడా కనిపిస్తుంది."

"మరి సక్రానికి సక్రానికి మధ్య కత్తికి అంటుకుపోయింది ఏటవుతాది?"

కళ్లజోడు తీసి నా వైపు చూసింది. బాగా సంతోషం వేస్తే కళ్లజోడు తీసేది. "భలే అడిగారండి! అంత సన్న సందైతే సాఫ్ట్‌వేరే పూరిస్తుందండి, అటూ ఇటూ ఏముందో చూసుకుని."

ఆ ముక్క నేను బుర్రలో పెట్టుకున్నాను. అలా పెట్టుకోకపోయినా బాగుండేది.

ఆ సాఫ్ట్‌వేర్ ఊరికే వచ్చిందని తెలిసిన రోజు మా ఇద్దరికీ పెద్ద వాదన.

"ఊరికే ఎవడిత్తాడు?"

"ఇచ్చారండి. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చండి."

"ఆల పేరేటి? ఊరేటి?"

"తెలీదండి. తలో దేశంలో ఉంటారండి. తీరికున్నప్పుడు తలో కాస్తా రాసి పెడతారు."

"మొకం తెలీనోలు ఇచ్చినారు, నువ్వు పుచ్చుకున్నావు. రేపొచ్చి ఏదో ఒకటి అడగరేటి?"

"తప్పుంటే చెప్పమంటారండి. అంతే."

నేను నమ్మలేదు. నా జన్మలో ఊరికే వచ్చినది ఏదీ ఊరికే ఉండిపోలేదు. టీ కాచిన ఆకుని ఆరబెట్టి మొక్కలకి వేసే మనిషిని, ఇంకొకరి దగ్గర వట్టినే తీసుకోవడమంటే నాకు ఒళ్లంతా గొంగళి పురుగు పాకినట్టుంటుంది. అయితే కొన్నాళ్లకి ఒక ఆదివారం ఆమె మెట్లు దడదడలాడిస్తూ దిగొచ్చింది. "మామ్మగారూ! నేను తప్పు చూపించానండి, దిద్దారండి! ఇక ప్రపంచంలో ఎవరు వాడినా దిద్దిందే వస్తుందండి!"

"అయితే నీకేటిచ్చినారు?"

"ఏమీ లేదండి," అని పకపకా నవ్వింది. ఆమె నవ్వు నేను విన్నది తక్కువ. ఆ రోజు మాత్రం వంటింటి గుమ్మం పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఏమీ ఇవ్వలేదండి మామ్మగారూ, థాంక్స్ అన్నారండి."

తరవాత తను చేసిన రాళ్ల బొమ్మలన్నీ తనూ అలాగే ఊరికే పెట్టేసింది. వద్దని నేను చెప్పాను. "మనం వాడుకున్నాం కదండీ" అంది.

అన్ని రాళ్లూ ఒకెత్తు, ఆ ఎర్ర పలుకు రాయి ఒకెత్తు. కొండని తొలిచి రోడ్డు వేస్తున్నచోట దొరికిందట. తరవాత ఆ కోసిన గోడకి సిమెంటు పూసేశారు, ఇక అక్కడ రాయి దొరకదు. మిగతా ముక్కల్లో పలుకులు పగిలి ఉన్నాయి. ఈ ఒక్కదాన్లోనే నిండుగా ఉంది. పలుకులో ఇసకరేణువుల్లాంటి నల్ల చుక్కలు ఉంటాయి. కొండ తయారవుతున్నప్పుడు ఆ పలుకు, అరచేతుల మధ్య సున్నుండలా దొర్లుతూ పెరిగితే లోపలి చుక్కల బారు వంకర తిరుగుతుంది. దొర్లకుండా ఉన్నచోటే పెరిగితే బారు తిన్నగా ఉంటుంది. ఆమె కాలేజీలో పెద్ద సారు తిన్నగానే ఉంటుందని అన్నారు. ఈమె వంకరే అంది. సారు కూడా మంచిగానే చెప్పారట: "వంకర నాకు చూపించు. చూపిస్తే పై చదువుకి నా దగ్గర చేర్చుకుంటాను." చేరితే ఏటికాయేడు బతిమాలుకునే ఉద్యోగం తప్పుతుంది. ఆ ఏడాది దాటితే వయసు దాటిపోతుందని కూడా ఆమె ఒకసారి నోరు జారి చెప్పింది.

సారు చూడటానికి వస్తానన్న రోజు దగ్గర పడింది. రాయి ఇంకా సగం ఉంది. ఆమె అరచేతులు పొక్కులెక్కి, అన్నం ముద్ద కలపడానికి ఎడం చెయ్యి వాడుతోంది. సరిగ్గా అప్పుడే కాలేజీలో పరీక్షల డ్యూటీ వేశారు. పొద్దున్న వెళ్తే చీకటిపడ్డాకే రావడం.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను మేడ మీద వడియాలు తిరగెయ్యడానికి వెళ్లాను. గిన్నె కింద రాయి కనిపించింది. పాపం పిల్ల, అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇప్పుడు కల్పించి రాయడం లేదు. కూర్చున్నాను.

చందనం అరగదీసిన చెయ్యి నాది. మా అత్తగారు సింహాద్రి అప్పన్న పటానికి రోజూ గంధం పెట్టేవారు. సాన మీద కూర్చుంటే గంధం చిక్కబడేదాకా చెయ్యి ఆపకూడదని నేర్పారు. ఆమె వాడే సన్నపొడి అడుగంటింది, ముతకపొడి డబ్బా నిండా ఉంది. ఉన్నదాన్ని వదిలి అయిపోతున్నదాన్ని ఎందుకు వాడాలి? ముతకపొడి చల్లాను. కడగడం, ఆరబెట్టడం, లైట్లు వెయ్యడం, ఫొటో తియ్యడం అన్నీ రోజూ చూస్తున్నవే. అయితే మధ్యలోది సాఫ్ట్‌వేరే పూరిస్తుందని ఆమే చెప్పింది కదా. పూరించే పనికి ఇన్ని ఫొటోలూ, ఇంత కరెంటూ దేనికి? అరగక ముందుది ఒకటి ఉంది, అరిగాక ఒకటి తీసుకుంటే చాలు. ఆ పిల్లకి పొదుపు తెలియదు, అంతే. అనుకుంటూ చెయ్యి తిప్పాను. ఎండ గోడ దిగేదాకా తిప్పాను. రాయి గబగబా, సమంగా అరిగింది. కడిగి, తుడిచి, గిన్నె బోర్లించి, ఆమె ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.

వచ్చింది. "పైకెల్లి సూడు, నీ పని తగ్గించీసినాను," అన్నాను.

వెనకే నేనూ ఎక్కాను. గిన్నె తీసి, రాయిని బల్బు కిందకి పట్టింది. మెడలోని చిన్న భూతద్దం కంటికి ఆనించి చూసింది. తిప్పి చూసింది. మళ్లీ చూసింది. తరవాత మెట్టు మీద కూర్చుంది.

"ఎన్ని ఫొటోలు తీశారండీ?"

"ఒకటీ లేదు. నువ్వే సెప్పినావు గదా, మధ్యలోది అదే పూరిస్తాదని."

"ఆఁ. చెప్పానండి."

"మరి?"

"అది సన్న సందుకండి," అంది. పలుకు నడిమి భాగం గాజు పలక మీద బూడిదరంగు నీళ్లలో కలిసిపోయింది. ఆ నీళ్లు నేను అప్పటికే కడిగేశాను. కాసేపటికి ఆమె నా చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. "నొప్పెట్టట్లేదాండి? ముతకపొడితో చేశారు కదా," అని లోపలికి వెళ్లి కొబ్బరినూనె తెచ్చింది.

తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. నూనె రాయించుకుని కిందకి దిగిపోయాను.

మిగిలిన రాయిని ఆమె ఎప్పటిలాగే పొరపొరగా తీసి పూర్తి చేసింది. సారు వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ట్రంకు పెట్టె మీద కంప్యూటర్ పెట్టి రాయిని తిప్పి చూపించింది. నేను కాఫీ పట్టుకెళ్లి తలుపు పక్కన నిలబడ్డాను. ఎర్ర పలుకు కనిపించింది. లోపల నల్ల చుక్కల బారు కింద కొసన కొంచెం ఒరిగింది. నడుమ గీత గీసినట్టు తిన్నగా పైకి పోయింది.

"చూశావా అమ్మా?" అన్నారు సారు నెమ్మదిగా. "తిన్నగానే ఉంది."

"నడుమ పొరలు లేవు సార్. అది రాయి కాదు సార్, సాఫ్ట్‌వేర్ పూరించింది. అటుకీ ఇటుకీ తిన్నగా కలిపేసింది."

"పొరలెందుకు లేవు?"

"పొరపాటు జరిగింది సార్."

"అంత జాగ్రత్తగా చేసేదానివి, అంత మందం ఎలా పోయింది?"

"నాదే సార్. నేను చూసుకోవాల్సింది."

ఆ మాటన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. సారు మాత్రం చూశారు. కాఫీ అందుకుంటూ, "మీరు రోజూ చూస్తారు కదమ్మా, ఈ పని ఎలా చేస్తుందో?" అని అడిగారు. మామూలుగానే అడిగారు. ఆ పని నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఏ పొడి ఎక్కడ ఉందో తెలుసు, ఏ రోజు ఏమైందో తెలుసు. నోటి దాకా వచ్చింది.

"మూడో తరగతి సదివిన ముసలిదాన్ని బాబూ, నాకేటి తెలుసు?" అన్నాను.

చదువుకోలేదని జీవితమంతా బాధపడ్డాను గానీ, ఆ లోటు వెనక దాక్కోవడం ఆ ఒక్కరోజే చేశాను.

సారు కాఫీ తాగి లేచారు. "ఇంకో రాయి దొరికితే చూద్దాంలే" అన్నారు. దొరకదని ఆయనకీ తెలుసు. ఆయన వెళ్లాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో నొక్కింది. నడుమ ఆ తిన్నటి గీత పోయింది. పలుకు రెండుగా విడిపోయి, మధ్యలో ఖాళీ వచ్చింది. "ఇలా ఉంచేస్తానండి. లేనిది లేనట్టు ఉండాలి కదండీ," అంది, నాతో అన్నట్టు కాకుండా.

ఆ సాయంత్రమే నేను చీపురు పట్టుకుని లైట్ల గొడవ పెట్టుకున్నాను. పొద్దుట్నుంచీ నాకు ఒకటే కోరిక, ఆమె నన్ను ఒక్క మాట అనాలని. ఎంత రెచ్చగొట్టినా అనదే!

"కరెంటు రాదండి అంటావా? ఎంత పొగరు!"

"మామ్మగారూ, మీ కోపం లైట్ల మీద కాదండి."

"మరి దేని మీద? సెప్పు! సెప్పవేం?"

కళ్లజోడు తుడుచుకుంది. "మీరు సాయం చేద్దామనే చేశారండి. నాకు తెలుసండి," అంది.

అది నేను భరించలేకపోయాను. "నీ జాలీ వద్దు, నీ రాళ్లూ వద్దు! రేపు పొద్దున్నకల్లా నా గది కాళీ సేసీ!"

"అలాగేనండి," అని పైకి వెళ్లిపోయింది.

కోపంలో అన్నాను. ఏ ఇంట్లో అయినా అంటారు, మర్నాడు మర్చిపోతారు. పడుకునే ముందు నాకూ తట్టింది, ఎవరితో అన్నానో. అప్పుడే మెట్లెక్కి ఉండాల్సింది. పొద్దున్న చెప్పొచ్చులే అని పడుకున్నాను.

పొద్దున్న నేను తలుపు తీసేసరికి ట్రంకు పెట్టె, గోనె సంచులు గేటు దగ్గర వరసగా ఉన్నాయి. గది ఊడ్చి తడిగుడ్డ పెట్టింది. ఊరెళ్లి అక్కడే చిన్న పిల్లలకి పాఠాలు చెప్పుకుంటానంది. మాటని మాటగానే తీసుకునే మనిషి. ఉండిపో అంటే ఉండిపోయేది. రెండు మూడు మాటలు అక్కర్లేదు, అదొక్కటే చాలు. ఆటో వచ్చింది. రాళ్ల సంచులు తనే జాగ్రత్తగా ఎక్కించుకుంది. తాళం చెవి నా చేతిలో పెట్టి, "వెళ్లొస్తానండి మామ్మగారూ," అంది.

నోరు తెరిచాను.

"నీల మోటారు కట్టీసినావా?" అన్నాను.

"కట్టేశానండి."

ఆటో సందు మలుపు తిరిగాక నేను వెళ్లి చూశాను. మోటారు కట్టేసే ఉంది.